జీతం దగ్గర సున్నా: రొయ్యల చెరువుల మీద ఒక స్టార్టప్, దాని ఫౌండర్, ఒక కేస్ స్టడీ

2024 నవంబరు చివర్లో ఒక సాయంత్రం, ఆఫీసు మూసే వేళకి అతను వచ్చాడు. ముప్పై నాలుగేళ్లు ఉంటాయి. రొయ్యల చెరువుల్లో ఆక్సిజన్ కొలిచే యంత్రాలు తయారుచేసే కంపెనీ అతనిది. అంతకుముందు ఒక మీటింగులో చూశాను, చాలా హుషారుగా మాట్లాడాడు. ఆ రోజు మాత్రం కుర్చీ అంచున కూర్చుని, ఫోన్ చేతిలోనే పట్టుకుని, కంపెనీ సంగతి ఏదీ ఎత్తకుండా ఒక్కటే అడిగాడు.

"సార్, ప్రామిసరీ నోటు తిరగరాయకపోతే ఏమవుతుందండి?"

గోదావరి జిల్లాల్లో పనిచేసే ఏ ఆడిటర్‌కైనా ఈ ప్రశ్న వినగానే సగం కథ అర్థమైపోతుంది. నోటు రాసిన మూడేళ్లలోపు దావా వెయ్యాలి. లేదంటే అప్పు తీసుకున్నవాడు ఆలోపు కొంత కట్టి, నోటు వెనక చెల్లు రాసి సంతకం పెట్టాలి, లేదా కొత్త నోటు రాసివ్వాలి. అదేమీ జరగకపోతే నోటుకి కాలదోషం పడుతుంది, అంటే ఆ నోటు మీద కోర్టుకి వెళ్లి వసూలు చేసుకోలేరు. అతను రాసిన నోట్లు నాలుగు, అన్నీ 2022 జనవరి నెలాఖరువి. మొదటిది మేనత్తది. ఆవిడ తొమ్మిది రోజులుగా ఫోన్ చేస్తోంది. అతను తియ్యడం లేదు.

నేను భీమవరంలో చార్టర్డ్ అకౌంటెంట్‌ని. నా దగ్గరికి వచ్చేవాళ్లలో ఎక్కువ మంది రైస్ మిల్లులవాళ్లు, మేత డీలర్లు, ఐస్ ఫ్యాక్టరీలవాళ్లు, చెరువుల రైతులు. ఈ కేసు రాయడానికి ఫౌండర్, అతని భార్య ఇద్దరూ ఒప్పుకున్నారు. పేర్లు రాయడం లేదు, ఆనవాళ్లు కొన్ని మార్చాను. ఇలాంటివాళ్లు ఇప్పుడు మా వైపు చాలామంది ఉన్నారు. హైదరాబాద్‌లో ఉద్యోగం మానేసి ఊరొచ్చి ఏదో ఒకటి మొదలుపెట్టినవాళ్లు. వాళ్లకీ, వాళ్ల ఇళ్లల్లోవాళ్లకీ, నాలాంటి ఆడిటర్లకీ పనికొస్తుందని రాస్తున్నాను.

వస్తువు మంచిది

ఈ మాట ముందే చెప్పేస్తున్నాను. వ్యాపారం ఇబ్బందుల్లో పడిందనగానే వస్తువు పనికిరానిదని అనుకుంటారు. ఇక్కడ అలా కాదు.

రాత్రిపూట చెరువులో ఆక్సిజన్ తయారుచేసేది ఏదీ ఉండదు. రొయ్యలు, నాచు, అడుగు బురదలోని సూక్ష్మజీవులు అన్నీ వాడుకునేవే. అందుకని తెల్లవారుజామున నీళ్లలో ఆక్సిజన్ అట్టడుగుకి వస్తుంది. లీటరుకి 3 మిల్లీగ్రాముల కన్నా తగ్గితే వనామి రొయ్యకి గండం మొదలైనట్టే. మేత తినదు, ఇంకా తగ్గితే నీళ్ల మీదకి తేలుతుంది. వనామిని మన దేశంలో పెంచడానికి అనుమతి వచ్చింది 2009లో. అప్పటి నుంచి చెరువులో రొయ్య పిల్ల ఎక్కువ పోస్తున్నారు, నీళ్లని చిలికి గాలి కలిపే ఏరేటర్లు లేకుండా పంట లేదు. కరెంటు పోయి, జనరేటరు మొరాయించి, కాపలా మనిషి నిద్రపోతే మూడు నెలల కష్టం ఒక్క రాత్రిలో పోతుంది.

2019లో అతని తండ్రికి సరిగ్గా అదే జరిగింది. ఉండి అనే ఊరి వైపు రెండెకరాల చెరువు, పట్టుబడికి, అంటే రొయ్యలు పట్టి అమ్మే రోజుకి, పది రోజులుందనగా మొత్తం తేలిపోయింది. 2020 లాక్‌డౌన్‌లో కొడుకు ఇంటికొచ్చాడు. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం ఇంటి నుంచే చేస్తూ, ఇంజనీరింగ్‌లో తనతో చదివిన స్నేహితుడితో కలిసి ఒక పెట్టె తయారుచేశాడు. నీళ్లలో ఆక్సిజన్ కొలిచే ప్రోబు, గట్టు మీద పెట్టె, అందులో ఒక సిమ్. ఆక్సిజన్ తగ్గితే ఏరేటరు దానంతట అదే ఆన్ అవుతుంది, రైతు ఫోన్ మోగుతుంది. 2021 ఆగస్టులో ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీగా రిజిస్టరు చేశారు. ఇద్దరికీ చెరి సగం.

నేను కలిసేనాటికి అమ్మినవి 410 పెట్టెలు. ఉండి, కాళ్ల, ఆకివీడు, కైకలూరు ఊళ్ల దాకా ఉన్నాయి. కస్టమర్లు తిట్టే కంపెనీ కాదది.

పుస్తకాల్లో ఉన్నది, లేనిది

అతను తెచ్చిన ప్రాఫిట్ అండ్ లాస్ చూశాను. 2023-24లో 160 పెట్టెలు అమ్మారు. ఒక్కోటి పన్ను కాకుండా 38,000. విడిభాగాలు, బిగింపు కలిపి ఖర్చు 23,500. పెట్టెకి 14,500 మిగులు. అంటే ఏడాదికి 23 లక్షల 20 వేలు. అందులోంచి నలుగురు టెక్నీషియన్ల జీతాలు, వాళ్ల బళ్లకి పెట్రోలు, ఒక సాఫ్ట్‌వేర్ అబ్బాయి, ఫోన్లు చూసే అమ్మాయి, అద్దె, సిమ్‌లు, సర్వరు అన్నీ పోను లాభం 2 లక్షల 68 వేలు. హైదరాబాద్‌లో పెట్టుబడిదారులకి చూపించిన కాగితం ఇదే. "చిన్నదైనా లాభాల్లో ఉన్న కంపెనీ" అని.

నేను జీతాల వరుస మీద వేలు పెట్టి అడిగాను. "మీ జీతం ఏదీ?"

"నేను తీసుకోవట్లేదండి."

"ఎన్నాళ్లుగా?"

"మొదటి నుంచీ అండి. కంపెనీ నిలబడ్డాక తీసుకుందామని."

డైరెక్టర్ల జీతం అనే గడిలో మూడేళ్లుగా సున్నా ఉంది. అతను ఉద్యోగం మానేసింది 2021 చివర్లో. అప్పటి నుంచి ఇల్లు నడుస్తోంది భార్య జీతం మీద. ప్రైవేట్ స్కూల్లో టీచరు, నెలకి 28,000. నాలుగేళ్ల పాప ఉంది. ఆవిడ పన్నెండు కాసుల బంగారం బ్యాంకులో తాకట్టులో ఉంది, దాని మీద నాలుగున్నర లక్షలు తెచ్చారు. రెండు క్రెడిట్ కార్డులు నిండిపోయి ఉన్నాయి.

ఇక నోట్లు. మేనత్త 6 లక్షలు, మామగారు 5, నాన్నగారి స్నేహితుడు 7, పక్కింటాయన 4. మొత్తం 22 లక్షలు, నూటికి రెండు రూపాయల వడ్డీ. నెలకి 44,000, ఏడాదికి 5 లక్షల 28 వేలు. ఈ వడ్డీ కంపెనీ పుస్తకాల్లో ఎక్కడా లేదు, ఎందుకంటే నోట్లు అతని సొంత పేరు మీద ఉన్నాయి. డబ్బు మాత్రం మొత్తం కంపెనీలోకే వెళ్లింది.

నేను ఒక తెల్లకాగితం తీసుకుని అతని ముందే రాశాను. అతని పనికి ఇంకొకరిని పెట్టుకుంటే నెలకి తక్కువలో తక్కువ 40 వేలు ఇవ్వాలి. ఏడాదికి 4 లక్షల 80 వేలు. దానికి వడ్డీ కలుపు. 2 లక్షల 68 వేల లాభం కాస్తా 7 లక్షల 40 వేల నష్టం అయింది. అతను చాలాసేపు ఆ కాగితం చూస్తూ ఉండిపోయాడు. తర్వాత, "అంటే మూడేళ్లుగా నేను నష్టానికి అమ్ముతున్నానాండి?" అన్నాడు.

నిజమే. ప్రతి పెట్టెలోనూ అతని ఇల్లు కొంత కలిపి అమ్మేస్తున్నాడు. రైతుకి 38 వేలకి వస్తున్న వస్తువు వెనక ఒక టీచరు జీతం, ఒక మేనత్త పొదుపు ఉన్నాయి. అది ధరలో లేదు కాబట్టి ధర సరిపోతుందనిపించింది. ఫౌండర్ త్యాగం అని మనం గొప్పగా చెప్పుకునేది లెక్కల్లో చూస్తే ఇదే. రాయని ఖర్చు. ఖర్చు రాయకపోతే ధర తప్పు, ధర తప్పయితే ఎన్ని ఎక్కువ అమ్మితే అంత లోతుకి వెళ్తాం.

ఇంకో సంగతి నన్ను ఎక్కువ కలవరపెట్టింది. కంపెనీ పుస్తకాల్లో ఆ 22 లక్షలు "డైరెక్టర్ నుంచి అప్పు" అని ఉంది. ప్రైవేట్ కంపెనీ బయటివాళ్ల దగ్గర డిపాజిట్లు తీసుకోకూడదు, డైరెక్టర్ దగ్గర తీసుకోవచ్చు. కాకపోతే ఆ డబ్బు తాను ఇంకొకరి దగ్గర అప్పు చేసి తెచ్చింది కాదని డైరెక్టర్ రాసివ్వాలి. 2014 డిపాజిట్ల నియమాల్లో ఉన్న షరతు ఇది. అతను ఏటా ఆ కాగితం మీద సంతకం పెట్టాడు, చదవకుండా. ఆడిటర్ ఆఫీసు నుంచి వచ్చిన కట్టలో అదీ ఒకటి. నా ఆఫీసులోనూ ప్రతి మార్చికీ అలాంటి కాగితాలు సంతకం చేయించుకుంటాం. ఆ డబ్బు ఎక్కడిది బాబూ అని నేను అడిగినది తక్కువ. ఈ కేసు తర్వాత ప్రతి క్లయింటునీ అడుగుతున్నాను.

అప్పుని నేరుగా ఆ చుట్టాల పేరు మీదే కంపెనీ పుస్తకాల్లో చూపించేద్దాం అన్నాడు. డైరెక్టర్ బంధువుల దగ్గర కూడా కంపెనీ తీసుకోవచ్చు, అదే షరతుతో. అయితే కంపెనీల చట్టంలో బంధువులంటే భార్య లేదా భర్త, తల్లిదండ్రులు, పిల్లలు, కోడలు, అల్లుడు, అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు, ఉమ్మడి కుటుంబ సభ్యులు. అంతే. మేనత్త లేదు, పిల్లనిచ్చిన మామ లేడు. మేనత్త మనకి చుట్టమే గానీ చట్టానికి కాదు. ఇక మిగిలిన దారి ఒక్కటే. కంపెనీకి వచ్చే ప్రతి రూపాయిలోంచి ముందు డైరెక్టర్ అప్పు తీర్చడం, అతను ఆ డబ్బుతో నోట్లు తీర్చడం, అంతా బ్యాంకు ద్వారా.

బ్యాంకులో పెద్ద అప్పు తీసుకుని నోట్లన్నీ ఒకేసారి తీర్చేద్దామని కూడా గట్టిగా అన్నాడు. తాకట్టు అక్కర్లేదు, ప్రభుత్వ గ్యారంటీ స్కీము ఉంది కదా అని. నేను వద్దన్నాను. సీజీటీఎంఎస్‌ఈ అనే ఆ స్కీము ఇచ్చే గ్యారంటీ బ్యాంకుకి రక్షణ, అప్పు తీసుకున్నవాడికి మాఫీ కాదు. చాలామంది పొరబడేది ఇక్కడే. పైగా నష్టానికి నడుస్తున్న వ్యాపారంలో వర్కింగ్ క్యాపిటల్ అని, అంటే రోజువారీ ఖర్చులకని, తెచ్చి పాత అప్పులకి కట్టడం తప్పు.

పాచి పట్టిన ప్రోబు

ఆఫీసులో కూర్చుని అంకెలు చూస్తే నలుగురు టెక్నీషియన్లు ఎక్కువనిపించింది. ఇద్దరిని తగ్గించమని డిసెంబరులో చెప్పాను. అది నా తప్పు. ఐదు వారాల్లో ఫిర్యాదులు రెట్టింపయ్యాయి. అప్పుడు ఒక ఆదివారం కాళ్ల అనే ఊరి దగ్గర ఒక చెరువుకి టెక్నీషియన్‌తో కలిసి వెళ్లాను.

అతను నడుం లోతు దిగి ప్రోబు పైకి తీశాడు. బొటనవేలంత గొట్టం. దాని కొనకి ఆకుపచ్చని పాచి మందంగా పట్టి ఉంది, వేలితో తాకితే జిగురుగా జారింది. జేబులోంచి పాత టూత్‌బ్రష్ తీసి, మంచినీళ్ల సీసా వంచుతూ, పసిపిల్ల పళ్లు తోమినట్టు మెల్లగా తోమాడు. తోమకముందు ఫోన్‌లో 2.6 చూపిస్తోంది. కడిగి మళ్లీ నీళ్లలో పెట్టాక రెండు నిమిషాలకి 5.1. "వారానికోసారి ఇలా చెయ్యకపోతే ఉత్తి పుణ్యానికి అలారం కొడుతుందండి. రెండు రాత్రులు ఊరికే లేస్తే మూడో రాత్రి రైతు ఫోన్ ఆపేసి పడుకుంటాడండి. నాలుగో రాత్రి నిజంగా తగ్గుద్దండి" అన్నాడు.

నాకు వ్యాపారం అర్థమైంది అక్కడే. వీళ్లు అమ్ముతున్నది పెట్టె కాదు, వారానికోసారి టూత్‌బ్రష్‌తో వచ్చే మనిషిని. పెట్టెకి డబ్బు తీసుకుని మనిషిని ఉచితంగా ఇస్తున్నారు. మొదటి ఏడాది సర్వీసు ఉచితం అని బిల్లు మీదే రాసి ఉంది, రెండో ఏడాది అడిగే మొహం ఎవరికీ లేదు. ఒక టెక్నీషియన్‌ని వెనక్కి పిలిపించాం. నాలుగో అతను అప్పటికే ఒక మేత కంపెనీలో చేరిపోయాడు.

అమ్మిన డబ్బైనా చేతికి వచ్చిందా అంటే అదీ లేదు. డెల్టాలో అన్నీ "పంట తీశాక". ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయి కాలువ నీళ్లు వచ్చినప్పటి నుంచీ ఇక్కడి అప్పూ, అద్దే, పెళ్లీ అన్నీ పంట చుట్టూనే తిరుగుతున్నాయి. రొయ్యలొచ్చాక అదే అలవాటు చెరువు గట్టుకి వచ్చింది. మేత డీలరు నాలుగు నెలలు అప్పిస్తాడు, ఎందుకంటే పట్టుబడి రోజున సరుకు కొనేవాడి పక్కన నిలబడి ముందు తన డబ్బు తీసుకోగలడు. మనవాడికి ఆ బలం లేదు. 2024 నవంబరుకి రావాల్సిన బాకీ 31 లక్షలు, అందులో 11 లక్షలు ఏడాది దాటినవి. రైతు కట్టినా కట్టకపోయినా బిల్లు వేసిన నెల తర్వాతి 20వ తేదీకి జీఎస్‌టీ కట్టాల్సిందే. 38 వేల పెట్టెకి 6,840. ఆ 31 లక్షల బాకీలో సుమారు 4 లక్షల 70 వేలు ప్రభుత్వానికి అతను ముందే కట్టేసిన పన్ను. బాకీ మునిగిందని ఆదాయపన్నులో రాసుకోవచ్చు గానీ, జీఎస్‌టీ వెనక్కి రాదు.

తెల్లవారుజామున 3:40

అతని భార్యని కలవాలని అడిగింది నేనే. ఆవిడ మొదట్లో పెద్దగా మాట్లాడలేదు. టీ తాగాక అన్నారు, "ఆయన కంపెనీ కష్టం నాకు చెప్పరండి. చెప్పకుండా నన్ను కాపాడుతున్నానని అనుకుంటారు. నెలాఖరుకి నా ఏటీఎం కార్డు అడిగినప్పుడు నాకు తెలియదాండి?"

ఆ తర్వాత ఇంకో విషయం చెప్పారు. అది ఏ బ్యాలెన్స్ షీటులోనూ దొరకదు. పెట్టె కొన్న ప్రతి రైతుకీ అతను తన సొంత నంబరు ఇచ్చాడు. ప్రతి అలారమూ రైతుతో పాటు అతని ఫోన్‌కీ వస్తుంది. ఆక్సిజన్ తగ్గేది తెల్లవారుజామున కాబట్టి, మూడేళ్లుగా ఆ ఇంట్లో రోజూ మూడూ, మూడున్నర మధ్య ఫోన్ మోగుతోంది. పాప ఉలిక్కిపడి లేవడం మానేసింది, అలవాటైపోయింది. అతను మాత్రం మోగకపోయినా 3:40కి లేచి కూర్చుంటాడు. డాక్టరుకి చూపిస్తే బీపీ 160 మీద 100 ఉంది. ముప్పై నాలుగేళ్లకి.

నేను డాక్టర్ని కాను. మందుల సంగతి డాక్టరే చూశారు. మానసిక ఆరోగ్యం కోసం ప్రభుత్వం 2022 అక్టోబరులో మొదలుపెట్టిన ఫోన్ సేవ టెలీ మానస్ నంబరు 14416 అతనికి ఇచ్చాను. ఉచితం, తెలుగులో మాట్లాడతారు. రెండుసార్లు చేశానని తర్వాత చెప్పాడు. నేను చెయ్యగలిగింది ఒకటే, రాత్రి డ్యూటీని ఒక ఖర్చుగా రాయడం. ఇద్దరు టెక్నీషియన్లు వారం మార్చి వారం, నెలకి విడిగా 8,000. అలారాలు ముందు వాళ్లకి వెళ్తాయి. పదిహేను నిమిషాల్లో ఎవరూ తియ్యకపోతేనే ఫౌండర్‌కి. దీనికి ఒప్పించడానికి నాకు నెల పట్టింది. "రైతు నన్ను నమ్మి కొన్నాడండి" అనేవాడు. ఆ మాట నిజమే, ఆ నిజాయితీ వల్లే 410 పెట్టెలు అమ్ముడయ్యాయి. కానీ నిద్రలేని మనిషి రైతుకీ పనికిరాడు. ఈ 8 వేల ఖర్చు మీద నాకు ఈ రోజుకీ ఏ సందేహం లేదు.

సగం వాటా హైదరాబాద్‌లో

కో-ఫౌండర్ 2023 జూన్‌లో వెళ్లిపోయాడు. గొడవ లేదు. పెళ్లి కుదిరింది, అమ్మాయి తరఫువాళ్లు ఉద్యోగం అడిగారు. 50 శాతం వాటా మాత్రం అతని పేరునే ఉంది. ఫౌండర్ల మధ్య ఒప్పందం ఏదీ రాసుకోలేదు, స్నేహితుల మధ్య కాగితాలేంటని. వాటా నాలుగేళ్లలో కొంచెం కొంచెంగా సొంతమయ్యేలా మొదట్లోనే రాసుకుని ఉంటే ఈ చిక్కే ఉండేది కాదు. సగం సగం ఉన్న కంపెనీలో ఇద్దరిలో ఒకరు పలకకపోతే ఏ తీర్మానమూ పాసవదు.

అతను మంచివాడు. సంక్రాంతికి ఊరొచ్చినప్పుడు మాట్లాడితే గంటలో తేలింది. 10 శాతం ఉంచుకుని 40 శాతం ఇచ్చేశాడు, 3 లక్షలకి, నెలకి 5 వేల చొప్పున ఐదేళ్లు. వాటా విలువ కట్టించే చేశాం, ఎందుకంటే అసలు విలువ కన్నా 50 వేలకి మించి తక్కువకి తీసుకుంటే ఆ తేడా తీసుకున్నవాడి ఆదాయం అవుతుంది. ప్రైవేట్ కంపెనీకి కనీసం ఇద్దరు డైరెక్టర్లు ఉండాలి కాబట్టి ఖాళీ అయిన కుర్చీలో భార్యని పెడదామన్నాడు. నేను ఒప్పుకోలేదు. ఆ ఇంట్లో కంపెనీతో సంబంధం లేని జీతం ఆవిడదొక్కటే, ఆ సంతకం కూడా కంపెనీ కాగితాల మీదకి వెళ్లకూడదు. సాఫ్ట్‌వేర్ అబ్బాయిని డైరెక్టర్‌గా తీసుకున్నారు.

ముక్కనుమ నాడు

అంతకుముందు రెండు సంక్రాంతులకి అతను ఊరెళ్లలేదు. కంపెనీ పని అని చెప్పాడు. అప్పిచ్చినవాళ్లందరూ ఒకేచోట ఉండేది ఆ నాలుగు రోజులే. 2025లో వెళ్దామని నేనూ, భార్యా పట్టుబట్టాం. జనవరి 16, ముక్కనుమ. మూడు రోజుల పందేలు అయిపోయి ఊరు అలసిపోయి పడుకున్నట్టుంది. తండ్రి, మేనత్త, మామగారు, తండ్రి స్నేహితుడు వసారాలో కూర్చున్నారు. నన్నూ రమ్మన్నారు.

ఒకే ఒక్క కాగితం, తెలుగులో, అతని చేత్తోనే రాయించాను. ఎవరికెంత ఇవ్వాలి, ఎక్కడి నుంచి ఎంత రావాలి, నెలకి ఎంత ఖర్చు. అతను వివరంగా చెప్పబోయాడు గానీ గొంతు పెగల్లేదు. మేనత్త కాగితం అందుకుని పైకి చదవడం మొదలుపెట్టింది. గేదెల పాలు అమ్మి ఇద్దరు పిల్లల్ని చదివించిన మనిషి. మెల్లగా, ఒక్కో వరుస మీద వేలు జరుపుతూ చదివింది. మధ్యలో ఆగింది.

"ఇదేంట్రా, నీ జీతం దగ్గర సున్నా వేశావు?"

"తీసుకోవట్లేదత్తా."

"పాలేరు జీతం రాసుకోకుండా పాడిలో లాభం వచ్చిందంటే ఎవడు నమ్ముతాడ్రా?"

నాకు అక్కడ మాట రాలేదు. మూడేళ్లు ఆడిటైన పుస్తకాలవి.

తండ్రి స్నేహితుడు చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత వడ్డీ రూపాయికి దించుకుంటానన్నాడు, అసలు మాత్రం రెండేళ్లలో కావాలన్నాడు. మామగారు వడ్డీ వద్దన్నారు. మేనత్త కూడా రూపాయికి ఒప్పుకుంది. కొత్త నోటు రాయబోతుంటే అతని చెయ్యి పట్టుకుని అంది. "వడ్డీ ఆలస్యమైందని కాదురా నా బాధ. ఫోన్ తియ్యలేదు చూడు, అది."

పక్కింటాయన రాలేదు, ఆయన చుట్టం కాదు. ఆయన డబ్బు ఆయనకి మొత్తం కావాలి, అందులో తప్పేమీ లేదు. ముందు ఆయనకే కట్టాలని నిర్ణయించాం.

రాబట్టిన బాకీ, వెనక్కి వచ్చిన పెట్టెలు

ఇద్దరు డీలర్ల దగ్గర 9 లక్షలు ఆగి ఉన్నాయి. కంపెనీకి ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఉంది, అంటే చిన్న పరిశ్రమగా ప్రభుత్వం దగ్గర నమోదైంది. చిన్న పరిశ్రమకి ఇవ్వాల్సిన డబ్బు, ఒప్పందం ఉన్నా సరే, 45 రోజులు దాటకూడదు. దాటితే, 2024-25 అసెస్‌మెంట్ సంవత్సరం నుంచి, కొన్నవాడికి ఆ ఖర్చు డబ్బు కట్టిన ఏడాదిలోనే ఆదాయపన్ను లెక్కకి వస్తుంది. ఇది డీలర్లకి ఉత్తరంగా రాశాను, వాళ్ల ఆడిటర్లకి కూడా కాపీ వెళ్లేలా. మార్చి 31లోపు ఆరున్నర లక్షలు వచ్చాయి. రైతుల మీద ఇలాంటిదేదీ వాడే ఉద్దేశం మాకు లేదు, అతను ససేమిరా ఒప్పుకునేవాడూ కాదు.

అంతలో 2025 ఏప్రిల్ 2 వచ్చింది. అమెరికా మన సరుకు మీద 26 శాతం అదనపు సుంకం ప్రకటించింది. మన రొయ్యలకి పెద్ద మార్కెట్ అమెరికానే. వారం తిరిగేసరికి దాన్ని వాయిదా వేశారు గానీ గట్టు మీద ధర ఆగలేదు. కాలువలకి నీళ్లు ఆపేసే రోజులు కూడా అవే. కొత్త పంటకి పిల్ల వెయ్యకుండా చాలామంది చెరువులు ఎండగట్టారు. ఆగస్టు 27 నుంచి సుంకం 50 శాతానికి చేరింది. ఆ నాలుగైదు నెలల్లో కొత్త పెట్టె కొన్న రైతులు వేళ్ల మీద లెక్కపెట్టేంత మంది.

ఆ టెన్షన్‌లోనే మంచి ఆలోచన ఒకటి వచ్చింది, అది అతనిదే. బాకీ ఉన్న రైతుల దగ్గరికి వెళ్లి, "డబ్బు లేకపోతే పెట్టె ఇచ్చెయ్యండి, బాకీ కొట్టేస్తాను" అన్నాడు. 74 పెట్టెలు వెనక్కి వచ్చాయి. ఇంకో 4 లక్షలు నగదుగా వసూలయ్యాయి. వెనక్కి వచ్చిన సరుకుకి క్రెడిట్ నోటు, అంటే పాత బిల్లు తగ్గించే కాగితం, ఇచ్చి జీఎస్‌టీ తగ్గించుకోవాలంటే, అమ్మిన ఆర్థిక సంవత్సరం ముగిశాక వచ్చే నవంబరు 30 లోపు చెయ్యాలి. కాబట్టి పాత పెట్టెల పన్ను పోయింది, 2024-25లో అమ్మినవాటికి మాత్రం దక్కింది.

ఆ పెట్టెల్ని బాగుచేసి అద్దెకి ఇవ్వడం మొదలుపెట్టారు. పంటకి పదివేలు. పిల్ల వదిలే రోజు నాలుగు వేలు, మిగతాది నెలకి రెండువేల చొప్పున మూడు నెలలు, ఫోన్‌పే ద్వారా. వారానికోసారి టెక్నీషియన్ వస్తాడు, అది అద్దెలోనే ఉంది. రెండు వాయిదాలు తప్పితే పెట్టె తీసుకొచ్చేస్తారు. అతనికి ఈ ఆఖరి షరతు చాలా కష్టమైంది. మొదటిసారి పెట్టె విప్పి తెచ్చిన రోజు సాయంత్రం నా ఆఫీసుకి వచ్చి మాట్లాడకుండా కూర్చున్నాడు. ఆ రైతు వాళ్ల నాన్న వయసువాడు. పెట్టె విప్పుతుంటే సాయం పట్టి, "ఆయ్, నీ తప్పేముంది బాబూ" అన్నాడట.

ఇప్పుడు

ఇది రాస్తున్నది 2026 మొదట్లో. వెనక్కి వచ్చినవీ, మరికొన్నీ కలిపి 118 చెరువుల మీద అద్దె పెట్టెలున్నాయి. అప్పు మీద అమ్మకం ఆపేశారు. నగదు ఇచ్చేవాళ్లకి మాత్రం అమ్ముతారు, ఏడాదిలో 30 దాకా అమ్మారు. సర్వీసుకి విడిగా ధర ఉంది. ఫౌండర్ జీతం 30,000, ప్రతి నెలా 1వ తేదీన, టెక్నీషియన్ల జీతాలతో పాటే పడుతుంది. నేను అడిగిన 40 ఇంకా రాలేదు. అన్నీ పోను నెలకి పదిహేను, ఇరవై వేలు మిగులుతోంది. పెట్టుబడిదారులు ఇష్టపడే వేగం కాదిది. కొత్త పెట్టెలు తయారుచెయ్యడానికి డబ్బు లేదు, ఉన్నవి అరిగిపోయేలోపు ఏదో ఒకటి ఆలోచించాలి. సుంకాల మాట ఎటు తిరిగితే రైతు అటు తిరుగుతాడు, అతనితో పాటు అద్దెలూ.

పక్కింటాయన నోటు చింపేశారు. తండ్రి స్నేహితుడికి ఇంకా 5 లక్షలు ఇవ్వాలి, మామగారికి 5. బంగారంలో ఏడు కాసులు ఇంటికి వచ్చాయి, ఐదు బ్యాంకులోనే ఉన్నాయి. రాత్రిపూట ఫోన్ ముందు గదిలో పెట్టి పడుకుంటున్నాడని అతని భార్య చెప్పారు. 3:40కి మెలకువ రావడం తగ్గింది గానీ పోలేదట.

మేనత్త దగ్గర నోటు వెనక చెల్లులు తొమ్మిది ఉన్నాయి, అన్నీ అతని చేతిరాతే. ఇంకా 4 లక్షల 10 వేలు ఉంది. ప్రతి నెలా ఐదో తేదీన బ్యాంకులో వేసి, తర్వాత ఆదివారం ఊరెళ్లి చెల్లు రాసి వస్తాడు. ఫోన్ ఆవిడ చెయ్యక్కర్లేదు, అతనే చేస్తాడు.